'అసిస్ట్' అంటే సాయమా, అందించడమా?

ప్రశ్న:
మేం ఉండేది కెనడాలోని ఎడ్మంటన్‌లో. చలికాలం వచ్చిందంటే ఇక్కడ ఎక్కడ చూసినా ఐస్ హాకీ కబుర్లే. ఏలూరులో ఉన్న మా నాన్నగారికి ఫోన్‌లో ఈ ఊరి జట్టు ఆయిలర్స్ ఆటగాడు లియోన్ డ్రైసైటల్ గురించి చెబుతుంటాను. జర్మనీలోని కొలోన్‌లో 1995లో పుట్టాడు. 2014లో ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్) డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునేటప్పుడు, మూడో ఆటగాడిగా ఎడ్మంటన్ ఇతన్ని ఎంచుకుంది. 2019-20లో 71 మ్యాచ్‌లు ఆడి 43 గోల్స్, 67 అసిస్ట్‌లు (తోటి ఆటగాడు గోల్ కొట్టేలా పాస్ ఇవ్వడం), మొత్తం 110 పాయింట్లు సాధించాడు. లీగ్‌లో అందరికన్నా ఎక్కువ. ఆ ఏడాది అత్యంత విలువైన ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ కూడా ఇతనికే వచ్చింది. అంతకుముందు ఏ జర్మన్‌కూ అది దక్కలేదు.

ఈ అసిస్ట్‌ను నేను 'సహాయం' అని చెప్పాను. "67 సార్లు సాయం చేశాడంటున్నావు, గోల్ కొట్టినవాళ్లు అంత చేతకానివాళ్లా?" అని అడిగారు నాన్న. నా దగ్గర జవాబు లేదు. మీరైతే ఏ మాట వాడతారు?

జవాబు:
'చేయూత' అనొచ్చండీ. చిన్న మాట, అందరికీ తెలిసిన మాట.

జవాబు:
చేయూత నాకిష్టమైన మాటే, కానీ ఇక్కడ ఒప్పదు. పడిపోయేవాడికి ఇచ్చేది చేయూత. పింఛన్ల పథకాలకు పెట్టే పేరు కూడా అదే. మీ నాన్నగారి అనుమానం అలాగే మిగిలిపోతుంది.

'అందించు' తీసుకోండి. అందు అంటే చేతికి దొరికేంత దగ్గరకు రావడం. అందించు అంటే అలా వచ్చేలా చేయడం. ఇచ్చేవాడు ఎంత గొప్పవాడైనా, అవతలివాడి చేతికి చేరితేనే అందించినట్టు. ఇల్లు కట్టేచోట కింద నుంచి ఇటుక విసిరేవాణ్ణి చూడండి. పైనున్న మేస్త్రీ చెయ్యి చాచిన చోటికే ఇటుక వెళుతుంది. పద్యనాటకాల్లో తెర పక్కన నిలబడి మాట అందించేవారు ఉంటారు. అక్కడ ఎవరూ ఎవరి మీదా జాలిపడటం లేదు.

2022 ప్లేఆఫ్స్‌లో, అంటే లీగ్ చివరి నాకౌట్ దశలో, కాల్గరీ జట్టుతో జరిగిన 5 మ్యాచ్‌లు గుర్తు చేసుకోండి. డ్రైసైటల్ చీలమండ గాయంతోనే ఆడాడు. కొట్టింది 2 గోల్స్, అందించినవి 15! కాలు సరిగ్గా ఆననివాడు 15 సార్లు సాయం చేశాడంటే నాకు నోరు రాదు. 15 సార్లు అందించాడంటే ఆ ఆట కళ్లకు కడుతుంది.

జవాబు:
నేను చాలా ఏళ్లుగా స్టుట్‌గార్ట్‌లో ఉంటున్నాను. మనం ఇంగ్లిష్ మాట ముందు పెట్టుకుని తెలుగు వెతుకుతున్నాం గానీ, ఆటగాడు జర్మన్ కదా, వాళ్ల మాట ఒకసారి చూడండి. అసిస్ట్ అని వాళ్లూ వాడతారు, కానీ సొంత మాట 'ఫోర్లాగె'. విడదీస్తే 'ముందు పెట్టడం'. విస్తరి ముందు పెట్టినట్టు, గోల్ కొట్టేవాడి ముందు పెట్టడం అన్నమాట. అందులోనూ సాయం లేదు. 'అందించు'కు ఎంత దగ్గరగా ఉందో చూశారా!

ఇంకో మాట. ఈ ఆటలో కర్రతో కొట్టే పక్‌ను వాళ్లు 'షైబె' అంటారు. అంటే బిళ్ళ. మన దగ్గర చాలామంది దాన్ని 'బంతి' అని రాస్తున్నారు, అది చదివితే నాకు బాధగా ఉంటుంది. మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న రబ్బరు ముక్క అది. ఎగిరెగిరి పడకుండా ఉండాలని ఆటకు ముందు గడ్డకట్టిస్తారు. డ్రైసైటల్ బ్యాక్‌హ్యాండ్‌తో ఇచ్చే పాస్‌లకు పెట్టింది పేరు. కొన్నిసార్లు ఆ పాస్ ఎదుటివాడి కర్ర మీదుగా లేచి, సాసర్‌లా తిరుగుతూ వెళ్లి మంచు మీద చప్పున పరుచుకుంటుంది. బంతి అలా పరుచుకోగలదా?

జవాబు:
బిళ్ళంగోడులో బిళ్ళ అంటే చిన్న కర్రముక్క కదండీ? తికమక కాదా?

జవాబు:
కాదండీ. మందుబిళ్ళ, జడబిళ్ళ, తొక్కుడుబిళ్ళ, అన్నిటిలోనూ పలచని గుండ్రని వస్తువే మనసులో మెదులుతుంది. బిళ్ళంగోడు ఒక్కటే వేరు, అదీ ఆ ఆట మాట వచ్చినప్పుడే.

బిళ్ళ అంటే గుర్తొచ్చింది. లియోన్ తండ్రి పీటర్ డ్రైసైటల్ కూడా జర్మనీ జట్టు ఆటగాడే. 1992 ఆల్బర్‌విల్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లో కెనడాతో ఆట సమమై షూటౌట్‌కు, అంటే ఒక్కొక్కరే గోల్‌కీపర్ మీదకు వెళ్లి కొట్టే దశకు వెళ్లింది. పీటర్ కొట్టిన బిళ్ళ గోల్‌కీపర్ను తప్పించుకుని దొర్లుకుంటూ వెళ్లి గోల్ గీత మీదే ఆగిపోయింది. పూర్తిగా దాటితేనే గోల్. జర్మనీ ఓడింది. అప్పటికి లియోన్ పుట్టలేదు. అది ఎప్పుడు చూసినా నా గుండె అక్కడే ఆగుతుంది. దానికి తెలుగులో 'అందీ అందక' కన్నా మంచి మాట నాకు తోచలేదు.

అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. మరి నామవాచకం? 'అందింపు' అంటే కృతకంగా ఉంటుందా?

జవాబు:
చెల్లింపు, కేటాయింపు లాగే అందింపు. వ్యాకరణానికి తప్పులేదు. పట్టికలో వేయాల్సి వస్తే అదే వేయండి. చెప్పేటప్పుడు మాత్రం క్రియే వాడండి: "43 గోల్స్ కొట్టాడు, 67 అందించాడు." మీ నాన్నగారు మళ్లీ ఆ ప్రశ్న అడగరు.

అడిగినవారు:
నిన్న రాత్రి అలాగే చెప్పాను. "అయితే వాలీబాల్లో లిఫ్టర్ లాంటివాడన్నమాట" అన్నారు. చాలా సంతోషమేసింది. కానీ వెంటనే ఇంకో చిక్కు వచ్చింది. ఈ ఆటలో ఒక్కో గోల్‌కు ఇద్దరి వరకూ అసిస్ట్ ఇస్తారు: గోల్ కొట్టినవాడికి అందించినవాడు, వాడికి అందించినవాడు. తొలి అందింపు, మలి అందింపు అందామనుకున్నాను. అయితే లెక్కలో మొదటిది ఆటలో తర్వాత జరుగుతుంది. మరి 'తొలి' ఎవరికి వేయాలి?