ఇళ్ల మధ్య బండల పాలిష్ యూనిట్: ఎవరికి రాస్తే ఆగుతుంది?

మాది కడప శివారు. పక్క ప్లాట్‌లో బండల కటింగ్, పాలిష్ మిషన్లు పెట్టారు. పొద్దున ఐదున్నరకు మొదలైతే రాత్రి పదకొండు దాకా కోతే. బండల బురదనీళ్లు మా ప్రహరీ కిందికి దిగుతున్నాయి. రాత్రి 10:30కి కిటికీ దగ్గర ఫోన్ యాప్ 70 డెసిబెల్స్ చూపించింది (యాప్‌ను పూర్తిగా నమ్మలేం, అది వేరే సంగతి). 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 10 నుంచి 6 వరకు 45 దాటకూడదు.

ఓనర్ లైసెన్సు ఉందంటాడు, చూపించడు. సచివాలయంలో అర్జీ ఇస్తే పొల్యూషన్ వాళ్లను అడగమన్నారు, వాళ్లేమో జోన్ సంగతి టౌన్ ప్లానింగ్‌దే అన్నారు. మాస్టర్ ప్లాన్‌లో ఆ ప్లాట్ నివాస జోన్‌లోనే ఉంది.

ఇలాంటి యూనిట్‌ను ఆపించినవాళ్లు చెప్పండి: జోన్ ఉల్లంఘన అని టౌన్ ప్లానింగ్‌కు రాయాలా, శబ్దం మీద కాలుష్య నియంత్రణ మండలికి రాయాలా, ఏది త్వరగా పనిచేస్తుంది?