అప్‌డేట్: హెప్‌జీ2-ఎన్‌టీసీపీ కణాల్లో (వైరస్ లోపలికి వెళ్లే ద్వారమైన ఎన్‌టీసీపీ ప్రొటీన్‌ని చేర్చిన కాలేయ కణాలు) హెపటైటిస్ బీ ఇన్‌ఫెక్షన్ నిలబడకపోవడం (కారణం తేలింది)

వైరస్ పోశాక 3వ రోజు ఎస్ యాంటిజెన్ (వైరస్ పైపొర ప్రొటీన్) బాగా కనిపించి, 9వ రోజుకి దాదాపు మాయమవుతోందని, అయినా సీసీసీడీఎన్‌ఏ (ఇన్‌ఫెక్షన్ అయిన కణం కేంద్రకంలో నిలిచే, పూర్తిగా మూసుకున్న వలయాకార వైరస్ డీఎన్‌ఏ) పీసీఆర్ మాత్రం పాజిటివ్ వస్తోందని అడిగాను. సాయం చేసినవాళ్లందరికీ ధన్యవాదాలు.

మిర్‌క్లుడెక్స్ బీ (వైరస్ కణంలోకి వెళ్లకుండా ఆపే మందు) కంట్రోల్ పెట్టమన్న సలహాతోనే ముడి వీడింది. కణాలకు ముందే ఆ మందు ఇచ్చి వైరస్ ప్రవేశాన్ని ఆపేసిన వెల్స్‌లోనూ 3వ రోజు అంతే యాంటిజెన్ ఉంది. అంటే అది మనం పోసిన ఇనాక్యులమ్‌లోదే (వైరస్ ఉన్న ద్రవంలోదే), ఇన్‌ఫెక్షన్ నుంచి వచ్చింది కాదు.

అసలు లోపం పెగ్ 8000 దగ్గర (వైరస్ కణాలకు అంటుకోవడానికి సాయపడే చిక్కటి పాలిమర్). 40 శాతం స్టాక్ తేనెలా సాగుతుంది. పిపెట్ టిప్ గోడకి అంటుకుని చాలా భాగం అక్కడే ఉండిపోయేది. వెల్‌లో 4 శాతం ఉండాల్సింది అంతకంటే బాగా తగ్గింది. ఇప్పుడు మీడియం, వైరస్, పెగ్ అన్నీ ఒకే ట్యూబ్‌లో, పెగ్‌ని తూకం వేసి కలుపుతున్నాం. 16 గంటలు ఉంచి, ఐదుసార్లు కడిగి, 2.5 శాతం డీఎంఎస్‌ఓ మీడియం పోస్తున్నాం. ఇప్పుడు యాంటిజెన్ 3వ రోజు తక్కువే, 9వ రోజుకి పెరుగుతోంది. మిర్‌క్లుడెక్స్ వెల్స్‌లో పెరగడం లేదు. చూడాల్సింది ఈ తేడానే.

పీసీఆర్ పాజిటివ్ రావడానికి కారణం ఆర్‌సీడీఎన్‌ఏ (వైరస్ రేణువుల్లో ఉండే, పూర్తిగా మూసుకోని వలయాకార డీఎన్‌ఏ). హిర్ట్ పద్ధతిలో (చిన్న వలయాకార డీఎన్‌ఏని క్రోమోజోముల నుంచి వేరు చేసే పద్ధతి) తీసిన డీఎన్‌ఏకి టీ5 ఎక్సోన్యూక్లియేజ్ (మూసుకోని డీఎన్‌ఏని తినేసే ఎంజైమ్) వేస్తే ఆ తప్పుడు సిగ్నల్ పోయింది. మైటోకాండ్రియా డీఎన్‌ఏ (ఇదీ మూసుకున్న వలయమే) మిగిలిందో లేదో కూడా చూడండి. అదీ పోతే ఎంజైమ్ మోతాదు ఎక్కువై ఉండొచ్చు.

కణాల్లో ఎన్‌టీసీపీ తగ్గిందేమో, మైకోప్లాస్మా (కణాల కల్చర్‌ని కలుషితం చేసే బ్యాక్టీరియా) ఉందేమో అన్న అనుమానాలు రెండూ తప్పే.