టిహువానా బోర్డర్ నుంచి రొసారీటో బీచ్‌కి చవగ్గా ఎలా వెళ్లాలి?

ప్రశ్న: శాన్ డియేగోలో చదువుకుంటున్నాం. ముగ్గురం శనివారం రొసారీటో వెళ్లాలనుకుంటున్నాం. కారు లేదు, స్పానిష్ రాదు. మెక్సికో వీసా కావాలా? ఊబర్ తప్ప దారి లేదా?

జవాబు: తమ్ముడూ, చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా పాస్‌పోర్ట్‌లో ఉంటే మెక్సికో వీసా అక్కర్లేదు. ఐ-20 (కాలేజీ ఇచ్చే స్టూడెంట్ పత్రం) మీద ట్రావెల్ సంతకం ఉందో లేదో మాత్రం చూసుకో, తిరిగి రావడానికి అదే ముఖ్యం. శాన్ డియేగో ట్రాలీ (సిటీ రైలు) బ్లూ లైన్ చివరి స్టాప్ శాన్ ఇసీడ్రో. అక్కడ దిగి నడిచే బోర్డర్ దాటొచ్చు. అటువైపు పాస్‌పోర్ట్‌పై ఎంట్రీ ముద్ర వేయించుకోండి. గేటు దగ్గర ‘టాక్సీ, టాక్సీ’ అని వెంటపడతారు. నేను మొదటిసారి బేరమాడకుండా ఎక్కేసి డబ్బులు బాగా పోగొట్టుకున్నాను! ఇప్పుడైతే టిహువానా సెంట్రోకి (ఊరి నడిబొడ్డుకి) నడిచి వెళ్లి, షేర్ టాక్సీ ఎక్కుతాను. సీట్లు నిండితేనే కదులుతుంది, కానీ మనిషికి ఇంత అని పెసోల్లో తీసుకుంటారు. దూరం సుమారు 30 కిలోమీటర్లు. ‘రొసారీటో, సెంట్రో’ అంటే చాలు, స్పానిష్ అక్కర్లేదు. చిల్లర పెసోలు ఉంచుకోండి.

ప్రశ్న అడిగిన వ్యక్తి: థాంక్స్ అన్నా! ముగ్గురం కదా, ఊబర్ పంచుకుంటే?

జవాబు: అదీ మంచిదే, సామాను ఉంటే ఇంకా నయం. అసలు టెన్షన్ తిరుగు ప్రయాణం. ఆదివారం సాయంత్రం బోర్డర్ దగ్గర నడిచి దాటేవాళ్ల లైన్ కూడా గంటల తరబడి సాగుతుంది. తిరిగొచ్చేటప్పుడు పొద్దున్నే బయల్దేరండి.