కాలనీ పార్కులో ఊయల కొక్కెం మార్చడానికి కూడా ఫైలు కదలాలా?

పార్కు_పక్కిల్లు:
మాది తెలంగాణలో ఒక మున్సిపాలిటీ, పేరెందుకు లెండి. పార్కులో ఊయల గొలుసు పైన ఉండే ఇనుప కొక్కెం అరిగి అరిగి పెన్సిలంత మిగిలింది. అసోసియేషన్ డబ్బుతో కొత్త గొలుసు, కొక్కేలు కొని, కాలనీలోనే ఉన్న వెల్డర్ చేత వేయిస్తామని అర్జీ పెట్టాం. ఇంజినీరింగ్ సెక్షన్‌లో అడిగితే ‘పార్కులు హార్టికల్చర్ వాళ్లవి’ అన్నారు. హార్టికల్చర్‌లో ‘మేం మొక్కలు చూస్తాం, ఇనుము కాదు’ అన్నారు. చివరికి ఎస్టిమేట్ వేసి వచ్చే టెండర్‌లో కలుపుతామన్నారు. ఈలోపు ఊయలకు తాడు చుట్టి ‘వాడరాదు’ అని బోర్డు తగిలించారు. అది మాత్రం ఒక్క పూటలో అయిపోయింది.

2020లో వచ్చిన టీఎస్-బీపాస్ అనే భవన అనుమతుల చట్టం ప్రకారం 75 గజాల లోపు జాగాలో ఇల్లు కట్టుకోవాలంటే అనుమతే అక్కర్లేదు, రిజిస్టర్ చేసుకుంటే చాలు. పెద్ద కట్టడాలకు 21 రోజుల్లో జవాబు రాకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. ఇంటికి ఉన్న ఆ గడువు పార్కులో చిన్న రిపేరుకు ఎందుకు ఉండకూడదు? మీరేమంటారు?

రిటైర్డ్_ఏఈ:
మీ బాధ నాకు తెలుసు బాబూ, నేనూ ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణే. కానీ ఇంటితో పోలిక కుదరదు. ఇల్లు మీది, గోడ కూలితే జవాబుదారీ మీరే. పార్కులో మీరు వేసిన వెల్డింగ్ ఊడి పక్క వీధి పిల్లాడు పడితే మెమో అసోసియేషన్ కార్యదర్శికి రాదు, ఆ వార్డు ఏఈకి, అంటే అసిస్టెంట్ ఇంజినీర్‌కి వస్తుంది. అందుకే ఎవడూ సంతకం పెట్టడు.

ఇంకోటి. పార్కులో ఒకరిని చేయి పెట్టనిస్తే ఆగేది ఎక్కడ? మొదట పూలకుండీలు, తర్వాత బెంచీ మీద దాత పేరు, ఆ తర్వాత వేపచెట్టు కింద రాయికి పసుపు. ఆపైన దాన్ని కదిపే దమ్ము ఏ కమిషనర్‌కూ ఉండదు. పార్కుల్లో, రోడ్ల మీద అనుమతి లేని కొత్త ప్రార్థనా కట్టడాలు రాకూడదని సుప్రీంకోర్టు 2009లో ఊరికే చెప్పలేదు. పార్కు జాగా నర్సింగ్ హోమ్‌కి ఇచ్చేస్తే కోర్టు కొట్టేసిన బెంగళూరు కేసు 1991 నాటిది. పార్కు పార్కుగా మిగిలిందంటే ఈ చాదస్తం వల్లే.

టొరంటో_తెలుగు:
ఏఈ గారూ, మా దగ్గర 2017లో ఇలాంటిదే పెద్ద గొడవైంది. టొరంటోలోని ఎటోబికో ప్రాంతంలో టామ్ రైలీ పార్కు వాలు మీద జనం జారి పడుతున్నారని మెట్లు అడిగితే, సిటీ వేసిన అంచనా 65 వేల నుంచి లక్షన్నర డాలర్ల దాకా! 73 ఏళ్ల రిటైర్డ్ మెకానిక్ ఒకాయన 550 డాలర్లతో ఎనిమిది చెక్క మెట్లు కట్టేశాడు. సిటీ వాళ్లు వాటిని పీకేశారు. గొడవ పేపర్లకెక్కాక కొత్తవి కట్టారు, సుమారు 10 వేల డాలర్లతో. అంటే ఆ లక్షన్నర ఎక్కడి లెక్క? అది అర్థం లేని అంచనా అని అప్పటి మేయర్ జాన్ టోరీయే ఒప్పుకున్నారు.

రిటైర్డ్_ఏఈ:
సరే, ఆయన కట్టిన మెట్లకు పునాది ఉందా?

టొరంటో_తెలుగు:
లేదు సార్. రెయిలింగ్ కూడా గట్టిగా లేదన్నారు. అది నిజమే. కానీ ఆయన కట్టకపోతే ఆ 10 వేల డాలర్ల మెట్లు కూడా వచ్చేవి కావు.

మొక్కల_పిచ్చి:
మగవాళ్లంతా ఇనుము, సిమెంటు దగ్గరే ఆగారు, చెట్ల సంగతి నేను చెప్తాను. మా పార్కులో తురాయి చెట్టుకు ఎండిన కొమ్మ ఒకటి జారుడుబల్ల మీదికి వేలాడుతోంది. కొడదామంటే 2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల రక్షణ చట్టం) చూపిస్తారు. కొట్టరు, కొట్టనివ్వరు. ఈదురుగాలి వీచిన రోజు అటు పిల్లల్ని పంపాలంటే టెన్షన్.

అలాగని వాలంటీర్లు చేసేదంతా మంచేనని నేననను. మా వాళ్లే ఉత్సాహంగా ప్రహరీ పొడవునా కోనోకార్పస్ నాటారు, తొందరగా పచ్చగా కనిపిస్తుందని. వేర్లు డ్రైనేజీలో దూరాయి. గుజరాత్ అయితే 2023లో ఆ మొక్కనే నిషేధించింది. ఎవరైనా తెలిసినవాళ్లు ముందే ‘వద్దు’ అని ఉంటే బాగుండేది. తమాషా ఏమిటంటే, మా మెయిన్ రోడ్డు డివైడర్ నిండా అవే మొక్కలు, అవి నాటించింది మున్సిపాలిటీ వాళ్లే. తెలిసినవాళ్లు మాత్రం ఎక్కడున్నారు?

పార్కు_పక్కిల్లు:
అక్కా, చెట్టు నాటడం, కొట్టడం, కట్టడాలు, ఇవన్నీ అనుమతితోనే జరగనివ్వండి, నాకు అభ్యంతరం లేదు. నేనడిగేది ఉన్నదాన్ని ఉన్నట్టు బాగుచేయడం గురించి. కొక్కెం, బెంచీ పలక, కుళాయి, కలుపు తీయడం, పెయింటు. వీటికి ఒక జాబితా వేసి, ‘ఇవి చెప్పి చేసుకోండి’ అంటే ఏం పోతుంది? మిగతా వాటికి అవునో కాదో రాతపూర్వకంగా చెప్పండి. ఆర్టీఐ కింద నా అర్జీ ఏమైందని అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ అర్జీకి మాత్రం గడువే లేదు. ఇదెక్కడి న్యాయం సార్?

రిటైర్డ్_ఏఈ:
జాబితాకు నేను ఒప్పుకుంటా. ఊయల అందులో ఉండకూడదు. పెయింటు ఊడితే ఎవడూ చావడు, గొలుసు తెగితే దెబ్బలు తగులుతాయి. పని అయ్యాక ఏఈ వచ్చి బరువు వేసి ఊపి చూసి, రిజిస్టర్‌లో రాయాలి. గడువు దాటితే అనుమతి ఇచ్చినట్టే అనడానికి మాత్రం ఒప్పుకోను.

మొక్కల_పిచ్చి:
ఏఈ రాకపోతే?

రిటైర్డ్_ఏఈ:
వార్డు కౌన్సిలర్ చేత ఫోన్ చేయించండి. అర్జీ కాపీ మీద ఇన్‌వార్డ్ నంబర్ వేయించారా అసలు?

పార్కు_పక్కిల్లు:
వేయించాం సార్. ఆ నంబర్ చెబితే ఆ సీటు క్లర్క్ డెప్యుటేషన్ మీద వెళ్లాడు, బీరువా తాళం ఆయన దగ్గరే ఉంది అంటున్నారు. కౌన్సిలర్ గారికి ఫోన్ చేశాం. ఊయల ఎందుకు, దాని జాగాలో ఓపెన్ జిమ్ వేయిస్తా, నా పేరుతో శిలాఫలకం పెడదాం అన్నారు.