టెన్‌పిన్ బౌలింగ్‌లో నా బాల్ ఎప్పుడూ ఎడమ గట్టర్‌లోకే ఎందుకు పోతోంది?

గట్టర్ బాధితుడు:
అదే, బాల్ దొర్లించి చివరున్న పది పిన్నుల్ని పడేసే ఆటకి, ఫ్రెండ్స్‌తో ఇప్పటికి నాలుగుసార్లు వెళ్ళాను. మొన్నైతే మరీ ఘోరం, పది ఫ్రేముల్లో (ఒక్కో ఫ్రేము అంటే రెండు బాల్స్ ఛాన్సుండే ఒక వంతు) పన్నెండు గట్టర్లు, అంటే పన్నెండుసార్లు బాల్ పక్క కాలువలోకే. నాది కుడిచెయ్యి. బాల్ సగం దూరం బుద్ధిగా వెళ్తుంది, తర్వాత ఎవరో పిలిచినట్టు ఎడమకి తిరిగిపోతుంది. పిన్నుల మీదే కళ్ళు పెట్టి వేస్తున్నా, అయినా అంతే. బాల్ బరువు మార్చాలా? ఇంకోటి, ఒకసారి గట్టర్‌లో పడ్డ బాల్ ఎగిరొచ్చి చివరి పిన్నుని పడేసింది, మెషిన్ ఒకటి అని చూపించింది, మావాడేమో చెల్లదంటాడు. ఎవరిది కరెక్ట్?

మూడో బాణం:
మీవాడిదే కరెక్ట్. గట్టర్‌లోంచి తిరిగొచ్చి పడేసిన పిన్ను లెక్కలోకి రాదు. ఇంకో సంగతి, మొదటి బాల్ గట్టర్‌లో వేసి రెండో బాల్‌తో పదీ పడేసినా అది స్పేరే (రెండు బాల్స్‌తో పదీ పడటం), స్ట్రైక్ (మొదటి బాల్‌కే పదీ పడటం) కాదు.

ఇక పిన్నుల్ని చూడటం ముందు మానెయ్ బ్రో. ఫౌల్ లైన్ (బాల్ వేసేటప్పుడు దాటకూడని గీత) నుంచి మొదటి పిన్ను 60 అడుగులు, లేన్ (బాల్ దొర్లే దారి) వెడల్పేమో దాదాపు 41న్నర అంగుళాలు, అంటే మధ్యలోంచి వదిలిన బాల్ రెండు డిగ్రీలు పక్కకి పోయినా చాలు, గోవిందా. లేన్ మీద 12 నుంచి 16 అడుగుల మధ్యలో ఏడు బాణం గుర్తులుంటాయి చూడు, వాటిలో కుడి నుంచి మూడోదాని మీదుగా పంపు. అంత దగ్గర్లో ఉన్నదాన్ని గురిపెట్టడం చాలా ఈజీ.

పాత చెయ్యి:
బాణాలు సరే గానీ, ఇతను సగం దూరం బానే వెళ్తోంది అంటున్నాడు కదా, అసలు క్లూ అక్కడుంది. చేతిలోంచి వదలగానే ఎడమకి పోతే చెయ్యి ఒంటికి అడ్డంగా వస్తున్నట్టు. దూరం వెళ్ళాక తిరిగితే మాత్రం వదిలేటప్పుడు మణికట్టు తిప్పేస్తున్నావు తమ్ముడూ. లేన్ ముందు భాగానికి నూనె రాస్తారు, అక్కడ బాల్ జారుతూ పోతుంది కాబట్టి ఆ తిప్పుడు పెద్దగా బయటపడదు, నూనె అయిపోయి పొడి భాగం తగలగానే పట్టు దొరికి తిరుగుతుంది.

ఎవరికో షేక్‌హ్యాండ్ ఇస్తున్నట్టు అరచెయ్యి పక్కకి ఉంచి వదులు, వదిలాక కూడా చెయ్యి బాణం వైపే ముందుకి వెళ్ళాలి. బాల్ రంధ్రాల్లోంచి ముందు బొటనవేలు బయటికి రావాలి, తర్వాతే మిగతా రెండు వేళ్ళు. బొటనవేలి రంధ్రం బిగుతుగా ఉంటే అది ఇరుక్కుంటుంది, దాన్ని లాగబోయి తెలీకుండానే మణికట్టు మెలితిప్పేస్తాం, నేను ఏడాదిపాటు చేసిన పని ఇదే, ప్రతిసారీ లేన్‌ని తిట్టుకునేవాణ్ణి. అందుకే బరువు ఒక్కటే చూసి బాల్ తియ్యకు, బొటనవేలు పెట్టి తీసి చూడు. మరీ బరువైనది భుజాన్ని లాగేస్తుంది, మరీ తేలికది తీసుకుంటే బలం పెట్టి విసరాలనిపిస్తుంది, రెండూ నష్టమే.

గట్టర్ బాధితుడు:
అన్నా నిన్న వెళ్ళొచ్చా. ఫ్రెండ్‌తో వెనకనుంచి వీడియో తీయించా, నువ్వన్నదే, వదిలాక నా అరచెయ్యి నేలవైపు తిరిగిపోయి ఉంది, మొక్క నాటుతున్నట్టు!! బొటనవేలికి వదులుగా ఉన్న బాల్ తీసుకుని మూడో బాణం చూసి వేశా. మొత్తం ఆటలో గట్టర్లు నాలుగే. కాకపోతే అందులో మూడు కుడివైపు 😭

పాత చెయ్యి:
హహ, ఇప్పుడు మణికట్టుని కర్రలా బిగించేసి ఉంటావు, చెయ్యి ఒంటికి దూరంగా పోతోంది. మోచెయ్యి పక్కటెముకలకి దగ్గరగా రానీ. ఈసారి వీడియో ముందునుంచి కాదు, మళ్ళీ వెనకనుంచే తీయించు, చెయ్యి ఎటు పోతోందో అందులోనే తెలుస్తుంది.