బండి కట్టిన గుర్రాల పందేలను చూడడానికి గోషెన్ వెళ్ళడం సబబేనా?

ప్రశ్న (ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం)

అందరికీ నమస్కారం. ఉక్కు కర్మాగారంలో పదవీ విరమణ చేసి నాలుగేళ్ళయింది. జులైలో మా దంపతులం న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉన్న మా అబ్బాయి ఇంటికి వెళ్తున్నాము. నయాగరా, వాషింగ్టన్ కిందటిసారే చూసేశాము కనుక, ఈసారి న్యూయార్క్ రాష్ట్రంలోని గోషెన్ అనే చిన్న ఊరికి వెళ్ళి, అక్కడ 1838 నుండి ఉన్న హార్నెస్ రేసింగ్ (బండి కట్టిన గుర్రాల పందేల) మైదానాన్ని చూడాలని నా కోరిక. చిన్నతనంలో చోడవరం దగ్గర మా అమ్మమ్మగారి ఊరి తీర్థంలో ఎడ్ల బళ్ళ పరుగును గట్టు మీద నిలబడి చూసినవాడిని కావడం వల్ల ఆ సరదా ఇంకా పోలేదు. మా అబ్బాయి మాత్రం "గుర్రబ్బండి చూడడానికి అంత దూరమా నాన్నా!" అని నవ్వుతున్నాడు.

పందెం కాయనివారికి అక్కడ చూడడానికి ఏమైనా ఉంటుందా? హైదరాబాదు మలక్‌పేటలో ఒకసారి చూసిన పందేలకూ వీటికీ తేడా ఏమిటి? మా ఆవిడకు గుర్రాల మీద ఆసక్తి లేదు, మనవడికి ఏడేళ్ళు. తెలిసినవారు చెప్పగలరు.

ప్రత్యుత్తరం 1 (సీతమ్మధార)

తప్పకుండా వెళ్ళండి. మా అమ్మాయి ఆ పక్క జిల్లాలో ఉండగా మేము రెండుసార్లు వెళ్ళాము. ముందే ఒక మాట చెప్పాలి: పెద్ద స్టేడియమును ఊహించుకొని వెళ్తే నిరాశ తప్పదు. అది ఊరి నడిబొడ్డున, చర్చికీ ఇళ్ళకూ ఆనుకొని ఉన్న అర మైలు చుట్టు కొలత గల మట్టి బాట. ఒక పక్క చెక్కతో కట్టిన పాత వీక్షణశాల, వెనుక గుర్రపు శాలలు, అంతే. 1966లో దానిని జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించారు. మేము వెళ్ళిన రోజున పందెం కాసే కౌంటరు ఏదీ కనబడలేదు. పిల్లలతో వచ్చిన ఊరివాళ్ళు గడ్డి మీద కూర్చొని చూస్తున్నారు. పందేలు వేసవిలో కొన్ని రోజులే జరుగుతాయి కాబట్టి తేదీలు చూసుకొని బయలుదేరాలి.

అయితే నాకు పందెం కంటే ఉదయపు సాధనే ఎక్కువ నచ్చింది. మామూలు రోజున పొద్దున్నే వెళ్తే, పల్చటి మంచులో ఒక్కొక్క గుర్రమే బండితో వచ్చి చుట్లు తిరుగుతూ ఉంటుంది; గిట్టల చప్పుడు తాళం వేసినంత సమంగా వినబడుతుంది. జనం లేకపోవడం వల్ల గుర్రం ఎలా నడుస్తుందో కంచె దగ్గర నుండే గమనించవచ్చు. పక్కనే హార్నెస్ రేసింగ్ మ్యూజియం ఉన్నది, 1951లో ప్రారంభమైనది. దానికి రెండు గంటలు కేటాయించండి.

అక్కడి నుండి సుమారు 5 మైళ్ళ దూరంలోని చెస్టర్‌లో హాంబుల్టోనియన్ అనే గుర్రం సమాధి ఉన్నది. విలియం రిస్డిక్ అనే పాలేరు 1849లో ఒక కుంటి గుర్రాన్నీ దాని పిల్లనూ కలిపి 125 డాలర్లకు కొన్నాడు. ఆ పిల్లే ఈ హాంబుల్టోనియన్. 1876లో చనిపోయే నాటికి 1,331 పిల్లలకు తండ్రి అయింది. నేడు ఈ పందేలలో పరుగెత్తే అమెరికా గుర్రాల వంశం దాదాపుగా అంతా దాని దగ్గరకే చేరుతుంది. కూలి మనిషి కొన్న గుర్రానికి గ్రానైటు స్మారకం నిలబడడం నాకు వింతగానూ ముచ్చటగానూ అనిపించింది.

మీ ఆవిడగారి కోసం పైన్ ఐలాండ్ వైపు వెళ్ళండి. ఒకప్పటి చిత్తడి నేలలను వలసవచ్చిన రైతులు కాలువలు తవ్వి ఆరబెట్టి ఉల్లి పండిస్తున్నారు. ఆ మట్టి నల్లగా ఉంటుందని మన నల్లరేగడి అనుకోకండి. అది మొక్కలు కుళ్ళి ఏర్పడిన గుల్ల మట్టి. తిరుగుదారిలో కొంచెం పక్కకు మళ్ళితే పొమోనాలో రంగనాథస్వామి ఆలయం ఉన్నది. గోషెన్‌లోనే 2021లో తెరిచిన లెగోల్యాండ్ అనే పిల్లల వినోద పార్కు ఉన్నది గానీ, దానిని అదే రోజు పెట్టుకున్నారంటే మనవడు మిమ్మల్ని గుర్రాల దగ్గరకు రానివ్వడు.

ప్రత్యుత్తరం 2 (మధురవాడ)

పై వారితో నేను పూర్తిగా ఏకీభవించలేను. అసలు పోటీయే చూడాలంటే ఎడిసన్ నుండి న్యూజెర్సీలోనే ఉన్న మెడోలాండ్స్ అనే పందేల మైదానం దగ్గర. హాంబుల్టోనియన్ పేరిట జరిగే పెద్ద పందెం 1930 నుండి 1956 వరకు (ఒక్క 1943లో తప్ప) గోషెన్‌లోనే, గుడ్ టైమ్ పార్క్ అనే మరో మైదానంలో జరిగేది. 1981 నుండి మెడోలాండ్స్‌లో ఆగస్టులో జరుగుతున్నది. అక్కడ పందెం కాసే వాతావరణం ఉంటుందన్నది నిజమే. గోషెన్‌కు గంటన్నర కారులో కూర్చోవడం మీ మోకాళ్ళకు ఎలా ఉంటుందో కూడా ఆలోచించండి.

ప్రత్యుత్తరం 3 (విశ్రాంత పశువైద్యుడు, గోపాలపట్నం)

మలక్‌పేటకూ దీనికీ ఉన్న తేడా నడకలో ఉన్నది. అక్కడ గుర్రం దౌడు తీస్తుంది, జాకీ వీపు మీద ఉంటాడు. ఇక్కడ దౌడు నిషిద్ధం. సల్కీ అనే తేలికపాటి రెండు చక్రాల బండిలో చోదకుడు కూర్చుంటాడు. గుర్రం ట్రాట్ గానీ పేస్ గానీ పట్టాలి. ట్రాట్‌లో ముందు కుడి కాలు, వెనుక ఎడమ కాలు కలిసి కదులుతాయి. పేస్‌లో ఒకే పక్కవి రెండూ కదులుతాయి. పేస్ గుర్రాలకు నడక చెడకుండా కాళ్ళకు పట్టీలు వేయడం సాధారణం. ఉద్రేకంలో గుర్రం దౌడులోకి జారితే పగ్గాలు బిగించి దారికి తెచ్చుకోవలసిందే. ఆలోగా మిగిలినవి దాటిపోతాయి. 1879లో ఈ జాతి నమోదుకు మైలును 2 నిమిషాల 30 సెకన్లలో పరుగెత్తాలని ప్రమాణం పెట్టారు, స్టాండర్డ్‌బ్రెడ్ అన్న పేరు అందుకే వచ్చింది. నేటి మేటి గుర్రాలు 1 నిమిషం 50 సెకన్లలోపే ముగిస్తున్నాయి. ఒకప్పటి మన జట్కా గుర్రాల నడక గుర్తున్నవారికి ట్రాట్ ఇట్టే అర్థమవుతుంది; పేస్‌ను మాత్రం దగ్గర నుండి చూడాలి, అందుకే ఉదయపు సాధన చూడమన్న సలహా సరైనదే.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. డాక్టరుగారూ, ఇప్పుడు ఏం చూడాలో తెలిసింది. ముందు రోజు సాయంత్రమే గోషెన్ దగ్గరి మిడిల్‌టౌన్‌లో దిగి, తెల్లవారగానే మైదానానికి వెళ్ళాలని నిశ్చయించాము. లెగోల్యాండ్ మరుసటి రోజుకు. రంగనాథస్వామి దర్శనం అనగానే మా ఆవిడ కూడా ఒప్పుకుంది.

ప్రత్యుత్తరం 1 (సీతమ్మధార)

శాలల దగ్గరకు వెళ్ళేటప్పుడు మనవడి చేయి విడవకండి, ఎదురుగా వచ్చే బండికి దారి ఇవ్వండి. గుర్రానికి ఏదైనా తినిపించాలని వాడు అడుగుతాడు. యజమానిని అడగకుండా ఇవ్వకండి.