నకలు, ప్రతి, కూర్పు: ఫొటో పుస్తకాల పట్టికలో ఏ మాట?

అమలాపురం: కళాకారులు ఒక ఊహ చుట్టూ ఫొటోలు పేర్చి స్వయంగా వేసుకున్న పుస్తకాల సేకరణకు తెలుగులో పట్టిక రాస్తున్నాం. అమెరికన్ కళాకారుడు ఎడ్ రుషే పెట్రోలు బంకుల ఫొటో పుస్తకం ‘ట్వెంటీసిక్స్ గాసోలిన్ స్టేషన్స్’కి మొదటిది అసలు, 1969లో వచ్చినది ‘నకలు’ అని ఒకరు రాశారు. ఈ మాట నిలుస్తుందా అండి?

రాజమండ్రి: నిలవదండి. నకలు అంటే అడంగల్ నకలు లాంటిది. దాని వెనక ఆఫీసులో అసలు ఒకటి ఉంటుంది, తేడా వస్తే దానితో సరిచూసుకుంటాం. ఈ పుస్తకానికి అలాంటి అసలు ఎక్కడా లేదు. ప్రెస్సులోంచి వచ్చిన ప్రతిదీ ఆ కృతే. 1963లో 400, 1967లో 500, 1969లో 3000 వేశారు. మొదటి 400కే వరస నంబర్లున్నాయి. ఆ నంబర్లు వేయడం పొరపాటని రుషేయే 1965లో ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. ఒక్కో పుస్తకానికి విడి స్థానం వద్దనుకున్న మనిషి పుస్తకాన్ని నకలు అంటే ఆయన చేసిన పనినే కాదన్నట్టు. ‘ప్రతి’ అని రాయండి.

భీమవరం: ‘ప్రతి’ ఒక్కటే రాసినా చిక్కేనండి. గౌతమీ గ్రంథాలయంలో తాళపత్ర ప్రతి అంటే చేతిరాత, ఒక్కోదాని పాఠం ఒక్కోలా ఉండొచ్చు. జిరాక్సునీ ప్రతి అంటున్నాం. పక్కన ముద్రణ సంఖ్య ఉంటేనే అర్థం కుదురుతుంది: ‘మూడో ముద్రణ ప్రతి’.

అమలాపురం: ఎడిషన్‌కి ‘కూర్పు’ ఉంది కదా, ముద్రణ ఎందుకు?

భీమవరం: కూర్పులో పాఠం సరిచూడడం, చేర్చడం, తీసేయడం ఉంటాయి. కళాకారుల పుస్తకాల్లో ఎడిషన్ అంటే ముందుగా ఎన్ని వేశారన్న లెక్క. అందుకే ముద్రణ. ఫొటోల వరసో సంఖ్యో మారిస్తే అప్పుడు కూర్పు అనండి. ఇంకో సంగతి, ఈ పుస్తకం ముఖపత్రం (లోపల పేరు ఉండే పుట) మీద 1962 అని ఉంటుంది, బయటికి వచ్చింది 1963లో. రెండు సంవత్సరాలూ రాయకపోతే వేరు వేరు ముద్రణలని ఎవరైనా పొరబడతారు.

కాకినాడ: ఒకే ముద్రణలోనూ తేడాలుంటాయి. రుషేదే ఇంకో పుస్తకం ‘ఎవ్రీ బిల్డింగ్ ఆన్ ద సన్‌సెట్ స్ట్రిప్’ 1966 తొలి ప్రతుల్లో చివర ఒక చిన్న మడత ముక్క అదనంగా ఉంటుంది. దీనికి ‘మొదటి విడత’ చక్కగా సరిపోతుంది. కొనేవాళ్లు ముందు చూడాల్సింది ఆ ముక్కనే. అది చీరల కుచ్చిళ్ల మడత పుస్తకం, సాగదీస్తే దాదాపు 25 అడుగులు. ఒకేసారి విప్పకండి, కాగితం పట్టీలు అతికిన చోట ఊడుతుంది. బల్ల మీద నాలుగైదు మడతలు తెరిచి, చూసినవి మూస్తూ, తర్వాతివి తెరుస్తూ వెళ్లండి. ‘కుచ్చిళ్ల మడత’ అనే పేరు పట్టికలోకీ తీసుకోవచ్చు, వినగానే ఆకారం తెలుస్తుంది.

రాజమండ్రి: ఆ పేరు బాగుందండి. మన దేశపు ఫొటోగ్రాఫర్ దయానితా సింగ్ ‘సెంట్ ఎ లెటర్’ (2008) కూడా ఆ మడతే, పెట్టెలో ఏడు చిన్న పుస్తకాలు. దాన్ని ఏడు ప్రతులని లెక్కేయకండి. ‘ఒక ప్రతి, ఏడు పుస్తకాలు’.

నరసాపురం: స్థితి గడిలో ‘పాతబడింది’ అని రాస్తే ఏమీ చెప్పినట్టు కాదు. మన డెల్టా గాలికి పనికొచ్చేలా విడదీయండి: బూజు, చెమ్మ మచ్చ, పురుగు తిన్నది, అట్ట వంగింది. పైన పల్చటి గ్లాసిన్ (నునుపైన, లోపలిది కనబడే కాగితం) తొడుగుంటే వేరే గడి పెట్టండి. వానాకాలం అది చెమ్మ పీల్చి అలలు దేరుతుంది, పాతదైతే ముట్టుకుంటే పెళుసుగా విరుగుతుంది. తొడుగు పోతే ధర బాగా పడిపోతుంది. దాన్ని లామినేట్ చేయించకండి, పాలిస్టర్ కవరు వేయండి, పీవీసీ వద్దు. బీరువాలో తేమ మీటరు 65 శాతం దాటితే బూజుకి దారి ఇచ్చినట్టే. సిలికా జెల్ రంగు మారగానే వేడిచేసి మళ్లీ పెట్టాలి. తడి తగిలిన పుస్తకాన్ని ఆరకముందే పెట్టెలో మూయకండి. పట్టిక సంఖ్య లోపలి అట్ట మీద మెత్తటి పెన్సిల్‌తోనే రాయండి.

అమలాపురం: ఇలా మార్చాం, చూడండి: ‘ట్వెంటీసిక్స్ గాసోలిన్ స్టేషన్స్, ఎడ్ రుషే. ముఖపత్రంపై 1962, తొలిసారి వెలువడింది 1963. మూడో ముద్రణ ప్రతి, 1969, మొత్తం 3000. నంబరు లేదు. తొడుగు: అంచు చిరిగింది. వెనక అట్టపై చెమ్మ మచ్చ.’

భీమవరం: ‘చెమ్మ మచ్చ’ పక్కన కొలత సెంటీమీటర్లలో వేయండి. వచ్చే వానాకాలం తర్వాత పెరిగిందో లేదో పోల్చుకోవచ్చు.